అంటు కింది చిగురు

నా నర్సరీకి తొమ్మిదేళ్ల పాటు "హైదర్ నర్సరీ" అనే బోర్డు ఉండేది. హైదర్ నా భర్త. ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. మొక్కలు మోసుకొస్తాడు, అమ్మినవి దింపి వస్తాడు. మట్టి కలపడం, విత్తనం వేయడం, అంటు కట్టడం, గిరాకీతో గొంతు పోయేదాకా మాట్లాడడం నా పని. అయినా ఆడమనిషి పేరుంటే కొనేవాళ్లు నమ్మరని మా మామ అన్నాడు, నేను విన్నాను. పదో ఏడు మొదలైన రోజు పెయింటర్‌ని పిలిపించి, పాత పేరు మీద తెల్లరంగు వేయించి, ఆకుపచ్చ అక్షరాల్లో "ఇష్రత్ నర్సరీ" అని రాయించాను. ఎర్రవల్లి చౌరస్తాలో ఛాయ్ తాగేవాళ్లకు నెల రోజులు అదే ముచ్చట. హైదర్ మాత్రం అక్షరాలు కొంచెం పెద్దగా ఉంటే బాగుండేదన్నాడు.

అలాంటి బోర్డును పందెంలో పెట్టడం ఎంత తెలివితక్కువ పనో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు కోపం వస్తే నోరు ముందు నడుస్తుంది, బుద్ధి చెప్పులు వెతుక్కుంటూ వెనకాల వస్తుంది.

ఆ రోజు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. వనపర్తి అరవింద్ క్రోటన్ల కోసం బండి వేసుకుని వచ్చాడు. అతను తోటల కాంట్రాక్టరు. ఫంక్షన్ హాళ్లకు, పెట్రోల్ బంకులకు పచ్చగడ్డి పరిచి, చుట్టూ మొక్కలు పెట్టి ఇస్తాడు. సోమశిలలో కృష్ణ ఒడ్డున ఎవరో గెస్ట్ హౌస్ కడుతుంటే, దాని ముందర జపాన్ తోట వేస్తానని ఒప్పుకుని, హిమాచల్ నుంచి నాలుగు మేపుల్ చెట్లు తెప్పించాడు. మూడు దారిలోనే ఎండిపోయాయి. నాలుగోది చేరేసరికి గెస్ట్ హౌస్ యజమాని మనసు మారి, ఈత చెట్ల లాంటివి ఏవో చాలన్నాడట. ఆ నాలుగోది అరవింద్ బండిలో ఒక మూల పడి ఉంది.

దాన్ని దించి ఎరువు కుప్ప మీద పారేయమని అతను తన మనుషులకు చెబుతుంటే నేను వెళ్లి చూశాను. నడుమెత్తు కాండం. దాని తల నుంచి సన్నటి కొమ్మలు అన్ని వైపులా నేలకు జారుతున్నాయి. ఆకు ఒక్కటీ లేదు కానీ ప్రతి కణుపు దగ్గరా ఎర్రటి మొగ్గ ఉంది. ప్రాణం ఉన్న చెట్టును ఎందుకు పారేస్తున్నావని అడిగాను. అరవింద్ నవ్వాడు. అక్కడ కొనడానికి వచ్చినవాళ్లు, అతని పనివాళ్లు కలిపి పదిమంది దాకా ఉన్నారు.

"అక్కా, ఇది చలిదేశం చెట్టు. మన తాన మే నెల చూసిందంటే మాడి మసైతది. నువ్వు మందారాలు, గులాబీలు అమ్ముకో. గీటి జోలికి పోకు."

మాడిపోతుందన్నందుకు నాకు కోపం రాలేదు. అది నాకూ తెలిసిన సంగతే. మందారాలు అమ్ముకో అన్న మాట గుచ్చుకుంది. మందారాన్ని తక్కువ చేశాడు, నన్నూ తక్కువ చేశాడు.

"మిరుగం దాకా దీన్ని బతికిస్త," అన్నాను. "బతికియ్యకుంటే గా బోర్డు నా చేతులతోనే దించుత. అందరూ విన్నరు కదా."

అందరూ విన్నారు. సాయంత్రానికి చౌరస్తా అంతా విన్నది. మిరుగం అంటే జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె, ఆనాటికి మా దగ్గర ఎండ నడుము విరుగుతుంది. అప్పటిదాకా నిలిచిన మొక్క నిలిచినట్టే లెక్క. అంటే నేను నా పేరును మూడున్నర నెలల ఎండకు ఎదురుగా నిలబెట్టాను. ఇంటికి వెళ్లి హైదర్ కు సంగతి చెప్పాను. అన్నం తింటూ తింటూ, కనీసం గులాబీని పెట్టి పందెం కట్టి ఉండాల్సింది అని మాత్రం అన్నాడు.

నేను మొండిదాన్నే గానీ మూర్ఖురాలిని కాను. ఫోన్‌లో దొరికినదంతా చదివాను, చూశాను. దానికి శత్రువులు మూడు: మిట్టమధ్యాహ్నపు ఎండ, వడగాలి, మా బోరు నీళ్లు. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ, రెండు నెలలు పోస్తే కుండీ అంచున తెల్లటి చార కడుతుంది. నీళ్ల ట్యాంకు వెనకాల, ఉత్తరం వైపు, ఉదయం ఎండ గంటసేపు పడి పోయే చోటు చూసి పైన రెండు పొరల గ్రీన్ నెట్ కట్టాను. పడమర పక్కన కూలర్ల గడ్డిని తడికెలా కట్టి, వడగాలి వేళకు దాన్ని తడిపేదాన్ని. నీళ్ల కోసం హైదర్ గద్వాలలో ఒక బ్యాంకు వెనకాల ఏసీ గొట్టం కింద డబ్బా పెట్టించాడు. ఏసీ నుంచి కారే నీళ్లు వాన నీళ్లలాంటివి, ఉప్పుండదు. వాచ్‌మన్ మొదట్లో ఆయన్ని దొంగలా చూశాడు. విషయం చెప్పాక తనే డబ్బా నింపి పెట్టి, చెట్టు ఎట్లుందని అడగడం మొదలుపెట్టాడు.

మార్చిలో ఆకులు విప్పుకున్నాయి. దారాల్లా చీలిన ఎర్రటి ఆకులు. తలంటుకున్న ఆడపిల్ల జుట్టు ముందుకు వేసుకుని ఆరబెట్టుకున్నట్టు ఉండేది. నేను పని మానేసి దాని ముందర కూర్చున్న రోజులున్నాయి. గద్వాల నుంచి, వనపర్తి నుంచి, ఖిల్లా ఘణపూర్ నుంచి కూడా జనం చూడ్డానికి వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఒకటే, వాడిపోయిందేంది అని. ఇది వాడిపోలేదు, తల వాల్చుకుని పెరగడమే దీని గుణం, దాహం కాదు, కర్ర పెట్టి కట్టొద్దు అని రెండు వందల మందికైనా చెప్పి ఉంటాను. ఇటిక్యాల నుంచి వచ్చిన ఒక రైతు, ఆకు ఎర్రబడిందంటే తెగులే అని, పత్తికి కొట్టే మందు పేరు కాగితం మీద రాసిచ్చి మరీ పోయాడు.

చెప్పవలసిన ఒక్క మనిషికి మాత్రం నేను చెప్పలేదు.

ఆయన భీమయ్య. నర్సరీని ఆనుకుని ఉన్న పొలం ఆయనదే. డెబ్బై ఏళ్లు ఉంటాయి. వరసగా మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది పడింది, ఆ నాలుగోదాని నుంచే నా నర్సరీకి నీళ్లిస్తాడు. రోజూ తెల్లవారకముందే మోటారు వేసి, పొలం వైపు నుంచి లోపలికొచ్చి నా ట్యాంకు నిండిందో లేదో చూసి పోతాడు, నేను ఏడు గంటలకు తాళం తీసేసరికి తన పొలంలో ఉంటాడు. నేను ఆయన్ని కాకా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. పదేళ్లుగా మా మాటలన్నీ కరెంటు గురించి, పైపుల గురించి. చెట్టు గురించి ఆయన అడగలేదు. అడగలేదు కనక నేను చెప్పలేదు.

ఏప్రిల్ గడిచింది. మే రెండో వారానికి నలభై నాలుగు దాటింది. ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. అది నేను అనుకున్నదే, భయపడలేదు. తర్వాత కొమ్మల కొసలు నల్లబడ్డాయి. అది నేను అనుకోనిది. మట్టిలో వేలు పెట్టి చూస్తే తడి. నాలుగు రోజులు నీళ్లు ఆపాను, అయినా తడి. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో అని చూశాను, బాగానే ఉంది. హైదర్ ప్రేమకొద్దీ పోస్తున్నాడేమో అని నిలదీశాను. ఆయన ఒట్టు పెట్టాడు. నేను నమ్మలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. పాపం, నేను అలిగినా ఆయన బ్యాంకు నుంచి నీళ్లు తెస్తూనే ఉన్నాడు.

మూడో రోజు తెల్లవారు నమాజ్ కాగానే ఇంటికి సంబంధించిన ఏ పనీ ముట్టుకోకుండా నేరుగా నర్సరీకి వచ్చాను. ట్యాంకు వెనకాల భీమయ్య ఉన్నాడు. ఎడమ చేత్తో ఒక కొమ్మను కింది నుంచి ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో చెంబు వంచి, సన్న ధారగా నీళ్లు పోస్తున్నాడు. తాగు, తాగు అని దానితో మాట్లాడుతున్నాడు.

ఏం చేస్తున్నావని నేను అరిచిన అరుపుకు కూడా ఆయన ఉలిక్కిపడలేదు. రోజూ పోస్తున్నానని, నువ్వు గిరాకీ గొడవలో పరేషాన్‌గా ఉండి మరిచిపోతున్నావనుకున్నానని నిమ్మళంగా చెప్పాడు. ఎప్పటి నుంచి అంటే ఆకు వేసినప్పటి నుంచి. రెండు నెలలు. రోజూ చెంబెడు బోరు నీళ్లు. నేను ఏసీ నీళ్లను మందులా కొలిచి పోస్తుంటే ఆయన ఉప్పు నీళ్లు కడుపునిండా పట్టాడు.

"నువ్వే చంపినవ్ దీన్ని," అన్నాను. పెద్దమనిషిని అనకూడని మాట. అనేశాను.

ఆయన చెంబు కింద పెట్టాడు.

"చిన్నప్పటి సంది తల వాల్చిన మొక్కకు నీళ్లు పోసుడే తెల్సు బిడ్డా," అన్నాడు. "చూసి పొయ్యకుండ పోతే ఆ పూట బువ్వ దిగదు. తల వాల్చుడే దీని గుణమని నాకెవలు చెప్పిండ్రు?"

సిగ్గేసింది. బూట్లు వేసుకుని వచ్చి ఫొటోలు దిగి పోయేవాళ్లకు నిలబెట్టి పాఠం చెప్పాను. నా మొక్కలన్నిటికీ నీళ్లిచ్చే మనిషికి ఒక్క మాట చెప్పలేదు. ఆయనకు ఇవన్నీ ఎందుకులే అనుకున్నాను. అరవింద్ నన్ను చూసినట్టే నేను ఈయన్ని చూశాను. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది కానీ నిజం అదే.

చెట్టును కుండీలోంచి తీశాం. సగం వేర్లు నల్లగా, మెత్తగా, వాసన కొడుతున్నాయి. వాటిని కోసేశాను. మిగిలిన వాటిని ఏసీ నీళ్లతో కడిగి, ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువ కలిపిన మట్టిలో పెట్టాను. భీమయ్య ఆ పొద్దంతా కుండీ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఐదు రోజుల్లో ఆకులన్నీ రాలిపోయాయి. వారం తర్వాత ఒక కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. గోటితో బెరడు గీకితే లోపల పచ్చదనం లేదు.

మే నెలాఖరులో కాండం మొదట్లో, మట్టికి నాలుగు వేళ్ల ఎత్తున, ఒక చిగురు వచ్చింది. చూడగానే గుండె ఎగిరింది. ఆ వెంటనే అది ఎక్కడ వచ్చిందో చూశాను.

అంటు కట్టేవాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. కొల్లాపూర్ మామిడి కొమ్మను తెచ్చి నాటు మామిడి మొలక మీద కడతాం. రెండూ కలిసిన చోట ఒక ముడి కనిపిస్తుంది. ముడికి పైన వచ్చే చిగురు కొల్లాపూర్ మామిడి. కింద వచ్చేది నాటు. కింద వచ్చినదాన్ని బొటనవేలితో గీకి పారేస్తాం, దానికోసం రెండోసారి ఆలోచించం. ఈ మేపుల్ కూడా అంటు చెట్టే. కిందికి జారే ఆ ఎర్ర కొమ్మల్ని మామూలు మేపుల్ వేరు మీద కట్టారు. చిగురు ముడికి కింద వచ్చింది. ఆకు పచ్చగా, అరచేయిలా వెడల్పుగా ఉంది. పైకి నిటారుగా పోతోంది. దాన్ని మాత్రం నేను గీకలేదు. విషయం హైదర్‌కు ఒక్కడికే చెప్పాను.

భీమయ్య ఆ చిగురును చూసి, నేను ఆపేలోపు చౌరస్తాకు వెళ్లి చెట్టు లేచిందని చెప్పేశాడు. ఆయన ముఖంలో సంతోషం చూశాక, అది నాటు చిగురని చెప్పలేకపోయాను.

మిరుగం రోజు మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. మిరుగం నాడు మా దగ్గర అందరూ చేపలు వండుకుంటారు, అరవింద్ కూడా చేపల సంచి చేత్తో పట్టుకునే వచ్చాడు. వెనకాల చౌరస్తా నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. అప్పటికి చిగురు బెత్తెడు పెరిగింది, నాలుగు ఆకులు వేసింది. అరవింద్ కుండీ చుట్టూ తిరిగి, వంగి చూసి, టోపీ తీశాడు.

"ఓడిపోయిన అక్కా. బతికించుడు కాదు, తల గూడ ఎత్తించినవ్."

అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లకు ఆ చెట్టు నిటారుగా నిలబడడమే పెద్ద సంతోషం. హైదర్ నా వెనక చేరి, చుప్‌గా ఉండమని ఉర్దూలో గొణిగాడు. ఇక్కడ నీకు తప్ప ఎవరికీ తెలియదు, బతికిస్తానన్నావు, వేరు బతికే ఉంది కదా, నీ మాట నిలిచినట్టే అన్నాడు. ఆశ పుట్టలేదంటే అబద్ధం. రోడ్డు పక్కన బోర్డు మీద నా పేరు కనిపిస్తూనే ఉంది. పదేళ్లకు ఎక్కించుకున్న పేరు. ఒక్క నవ్వు నవ్వి ఊరుకుంటే అది అక్కడే ఉంటుంది.

కానీ ముడి ఎక్కడుందో చూడడం తెలియనివాడి ముందు గెలిస్తే నేనేం గెలిచినట్టు? మందారాలు అమ్ముకో అన్న మాటకు అది జవాబు కాదు. నేను నిజం చెప్పింది మంచితనం కొద్దీ కాదు, ఒళ్లు మండి.

"చప్పట్లు ఆపు తమ్మీ. నీ చెట్టు సచ్చింది," అన్నాను. ముడి మీద వేలు పెట్టి చూపించాను. "ఇది కింది నాటు చిగురు. మామిడికైతే మీరందరు గుర్తువడుదురు."

పై కొమ్మ ఒకటి పట్టి విరిచాను. ఎండుపుల్ల చప్పుడు అందరికీ వినిపించింది. ఎట్ల పోయిందని ఎవరో అడిగారు. భీమయ్య రెండడుగులు ముందుకొచ్చి నోరు తెరిచాడు. నేను ఆయన కంటే ముందే మాట అందుకున్నాను.

"నీళ్లు ఎక్కువైనయి. తప్పు నాది."

అది అబద్ధం కూడా కాదు. హైదర్ ట్రాలీని రోడ్డు పక్కకు పెట్టించి, పైకెక్కి, పకారుతో బోర్డుకు కట్టిన తీగలు విప్పాను. అరవింద్ కింది నుంచి బతిమాలాడు. ఎవరడిగారు అక్కా, తమాషాకు అన్న మాట, ఉండనీ అన్నాడు.

"నువ్వు తమాషకు అన్నవేమో. నేను అనలె."

బోర్డు నేననుకున్న దానికంటే బరువుగా ఉంది. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. హైదర్ రెండో కొస పట్టుకుని దించాడు. నా పేరు పైకి కనిపించేలా గోడకు ఆనించబోతే, వద్దు, లోపల పెట్టమన్నాను.

కిందికి దిగి, కొంగుతో ముఖం తుడుచుకుని అరవింద్ ముందుకు వెళ్లాను. మాఘంలో హిమాచల్ నుంచి అదే రకం చెట్టు పుల్లలు పది, తడిగుడ్డలో చుట్టి పంపించమని చెప్పాను. దేనికి అన్నాడు.

"గీ వేరు మా ఎండల ఉడికింది, మా ఉప్పు నీళ్లు తాగింది, సగం కోసినా సావలె. దీని మీద నేనే అంటు కడత. బోర్డు దించుతనన్న గని దుకాణం మూస్తనన్ననా?"

"మల్ల పోతే ఏం దించుతవ్ అక్కా?"

"ఏం దించను. పోతే మల్ల కడత. అది పోతే ఇంకోటి కడత. పుల్లలు పంపుడే నీ పని."

ఈసారి అతను నవ్వలేదు. పంపుతానని తల ఊపి, చేపలు పాడవుతాయని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే కదిలారు. పోతూ పోతూ ఒకామె రెండు మందారాలు కొన్నది. ఏ నర్సరీ అని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి అంది. ఇష్రత్ దగ్గర అని చెప్పమన్నాను.

భీమయ్య మాత్రం ట్యాంకు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో చెంబు ఉంది, నిండా నీళ్లున్నాయి. నీళ్లు పోసింది భీమయ్యేనని చెప్పి ఉంటే నీ బోర్డు నిలిచేదేమో బిడ్డా అన్నాడు. ఆయన చేయి పట్టుకుని, చూపుడు వేలిని కుండీలోని మట్టిలో రెండు కణుపుల దాకా గుచ్చాను.

"గీడి దాకా ఎండితేనే నీళ్లు. అదీ ఏసీ నీళ్లు. రేపటి సంది దీనికి నీళ్లు పోసేది నువ్వే కాకా. నేను ముట్ట."

ఆయన నన్ను చూశాడు, చిగురును చూశాడు. వేలు మట్టిలోనే ఉంచి, మోటారు చప్పుడు వినేటప్పటిలా తల పక్కకు వంచాడు. తర్వాత వేలు తీసి, దాని కొసన అంటిన మట్టిని బొటనవేలితో నలిపి చూశాడు.

"ఇంకా తడుంది బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల పొయ్యను."

నిండు చెంబు అలాగే పట్టుకుని తన పొలం వైపు వెళ్లిపోయాడు.